పెట్టెల గల్లీలో ఇల్లమ్మిన మనిషి

ఆయన చనిపోయాడని తెలిసిన రోజు కోరుట్లలో మా గల్లీవాళ్ళు ఎవరూ ఏడవలేదు. పైగా ఊపిరి పీల్చుకున్నారట. "ఇగ మన దిక్కు రాడు" అని మా ఎదురింటి పెద్దమ్మ అందట. మా అమ్మే ఈ మాట ఫోన్లో చెప్పింది. అప్పుడు నేను సిరిసిల్లలో బడి వదిలాక ఇంటికి నడుస్తున్నాను. చేతిలో నాలుగో తరగతి పిల్లల నోటుబుక్కుల సంచి ఉంది. మరమగ్గాల చప్పుడులో సరిగ్గా విన్నానో లేదోనని ఒక గోడవారగా నిలబడి మళ్ళీ అడిగాను. సరిగ్గానే విన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి మా గల్లీకి తన పని మీద ఎన్నడైనా వచ్చాడా? వచ్చిన ప్రతిసారీ మా పని మీదే కదా వచ్చాడు.

నా కోపానికి కూడా పెద్ద విలువేం లేదు లెండి. ఆయన బండి గల్లీ మొదట్లో కనబడితే గుమ్మం లోపలికి జరిగి, తలుపు సందులోంచి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పొడుగాటి మనిషి. ఎండాకాలమైనా వానాకాలమైనా పొడుగు చేతుల తెల్ల చొక్కానే. జేబులో రెండు పెన్నులు, మడతపెట్టిన ఒక ప్లాస్టిక్ కవరు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూసేవాడు కాదు, పాదాలు చూసేవాడు. ఎవరింటికి పోయినా పిలిచేదాకా గడప దాటడు. ఏం పెట్టినా తినడు, మంచినీళ్ళు మాత్రం తాగుతాడు. పోయేటప్పుడు వాకిట్లో నల్లా కనబడితే చేతులు కడుక్కుంటాడు. వచ్చేటప్పుడు కడుక్కుంటే అందరికీ అర్థమవుతుంది, పోయేటప్పుడెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా అమ్మ ఆయన్ను అన్నా అనేది, నేను కాకా అనేదాన్ని. మాకు ఏ వరసా కాడు.

వయసులో ఉండగా పదేళ్ళు బహ్రెయిన్‌లో పనిచేసి వచ్చాడు. హిందీ వచ్చు, అరబ్బీ కొంచెం వచ్చు, ఇంగ్లీషు కాగితాలు కూడబలుక్కుని చదవగలడు. ఆ మూడింటితో ఆయనకు ఊళ్ళో ఒక పని తగులుకుంది. ఎడారి దేశాల్లో మనవాడెవడైనా పోతే శవం పెట్టెలో శంషాబాద్‌కు వస్తుంది. ఇంటివాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఏ గేటు దగ్గరికి పోవాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, ఎవరిని బతిమాలాలి, ఏమీ తెలియదు. వాళ్ళ తరఫున ఈయన వెళ్ళేవాడు. ఉచిత అంబులెన్సులు వచ్చాక కూడా వెళ్ళేవాడు. డ్రైవరు పక్కన సీటు ఖాళీగా ఉన్నా వెనకాల పెట్టె దగ్గరే కూర్చునేవాడు. ఒక్కణ్ణే పడుకోబెట్టి తేవడం బాగుండదనేవాడు.

ఒక అంబులెన్సు డ్రైవరు మా అమ్మకు చెప్పాడు. దారి పొడుగునా ఈయన ఆ పెట్టెతో మాట్లాడుతూనే ఉంటాడట. గట్టిగా కాదు, పక్కన కూర్చున్నవాడికి చెప్పినట్టు. కరీంనగర్ వచ్చిందని చెప్తాడట. కొండగట్టు దగ్గరికి వచ్చినప్పుడు దండం పెట్టుకోమంటాడట. జగిత్యాల దాటాక ఇంకెంతో దూరం లేదు, ఇంటికి పోతున్నాం అంటాడట. ఆ డ్రైవరు రెండోసారి ఈయనతో రానన్నాడు.

కబురు తెచ్చే పని కూడా ఆయనదే అయింది. ఫోన్లో చెప్పడానికి ఒప్పుకునేవాడు కాదు, మనిషి పోయి చెప్పాలనేవాడు. దానికో పద్ధతి పెట్టుకున్నాడు. చావుకబురు మోసుకొచ్చిన రోజు గల్లీ మొదట్లోనే బండి ఇంజను ఆపేసి, దిగి, నెట్టుకుంటూ నడిచి వచ్చేవాడు. వేరే పని మీద వచ్చిన రోజు మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా హారన్ కొట్టుకుంటూ వచ్చేవాడు, ఆడవాళ్ళు భయపడకూడదని. కోరుట్లలో దుబాయ్‌కో మస్కట్‌కో మనిషిని పంపిన ప్రతి గల్లీకీ ఈ లెక్క తెలుసు. హారన్ వినబడితే బీడీలు చుట్టే చేతులు ఆగవు. చప్పుడు లేకుండా చక్రాలు తిరుగుతుంటే మాత్రం అన్ని చేటలూ ఒళ్ళోంచి కిందికి దిగుతాయి.

మా నాన్న కబురు అట్లాగే వచ్చింది. నేను డిగ్రీ రెండో ఏడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మ అరుగు మీద తునికాకు కత్తిరిస్తోంది. గల్లీ ఒక్కసారిగా మూగపోయింది. ఆయన బండి నెట్టుకుంటూ వస్తున్నాడు. ఒక్కో గేటు దాటుతుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు కూలబడి దండం పెడుతున్నారు, తమ ఇల్లు దాటిపోయినందుకు. అది చూసి నేను మనసులో ఏమని మొక్కుకున్నానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆ చివరింటికి పోవాలని మొక్కుకున్నాను. ఆయన మా గేటు ముందు స్టాండు వేశాడు. అమ్మ పాదాల వంక చూస్తూ అడిగాడు.

"చెల్లే, ఇంట్ల మొగోళ్ళెవలున్నరు?"

పదో తరగతి చదివే మా తమ్ముడు లోపలి నుంచి వచ్చి నేనున్నానన్నాడు. ఆయన వాడి భుజం మీద చెయ్యివేసి అట్లాగే నిలబడిపోయాడు. ఇంక చెప్పాల్సిన అవసరం రాలేదు. లేబర్ క్యాంపు గదిలో నిద్రలోనే పోయాడట నాన్న. పదిహేడు రోజులకు పెట్టె వచ్చింది. మా గల్లీకి అది మూడోది. తరువాతి ఏడు నాలుగోది వచ్చింది.

మున్సిపాలిటీ కాగితాల్లో మా గల్లీకి మంచి పేరే ఉంది. ఆ పేరు చెప్తే ఆటోవాడికి కూడా తెలియదు. పెట్టెల గల్లీ అంటే జగిత్యాల దాకా తెలుసు. అక్కడి మట్టిలోనే ఏదో ఉందని, ఆ గల్లీలో అన్నం తిన్నవాడు దేశం పోతే తిరిగి రాడని ఒక మాట పుట్టింది. నాకు లెక్క వచ్చు. ఇంటికొకడు చొప్పున ఎడారికి పోయి, ఆ ఎండలో ఏళ్ళకేళ్ళు ఇనుప చువ్వలు మోస్తే కొందరు పెట్టెల్లోనే వస్తారు. అందులో గల్లీ తప్పేముంది? ఈ మాట నేను చాలామందితో వాదించాను. ఎవరికీ ఎక్కలేదు. చీకటి పడ్డాక ఆ గల్లీలో నడిచినప్పుడు నాకు కూడా ఎక్కేది కాదు. నా పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మా చిరునామా రైసుమిల్లు వెనకాల అని చెప్పారు. మా అత్తగారికి నిజం తెలిసేసరికి నాకు మూడో నెల.

ఇల్లమ్మాలన్న ఆలోచన తమ్ముడి వల్ల వచ్చింది. వాడు మెట్‌పల్లిలో ఒకరి కారు నడిపేవాడు. జీతం చాలక, స్నేహితులు పోతున్నారని జగిత్యాలలో ఒక ఏజెంటును పట్టుకుని మాకు చెప్పకుండానే పాస్‌పోర్టు ఇచ్చేశాడు. మెడికల్ అయింది. డ్రైవరు వీసా వచ్చింది. నాన్న పోయిన దేశమే. ఆ రోజు నుంచి అమ్మ ఒక పూట తినడం మానేసింది. సొంత కారు కొనిస్తే పోనని ఒట్టు పెడతావా అని వాణ్ణి అడిగింది. వాడు పెట్టాడు. సొంత కారు రావాలంటే మాకున్నది ఆ ఇల్లొక్కటే. నాన్న ఎడారిలో సంపాదించి కట్టిన రెండు గదుల స్లాబు, వెనకాల రేకుల వంటిల్లు. వాడు విమానం ఎక్కడానికి నెలన్నర ఉంది. ఆలోపల ఇల్లు పోవాలి, లేకపోతే పిల్లవాడు పోతాడు. ఇంతే మా సంగతి.

గోడ మీద 'ఈ ఇల్లు అమ్మబడును' అని పెయింటుతో రాయించి నా నంబరు వేయించాను. మర్నాటికి దాని కింద బొగ్గుతో ఎవరో 'పెట్టెతో సహా' అని రాశారు. తుడిచాను. మళ్ళీ రాశారు. ఇద్దరు బ్రోకర్లకు ఫోన్ చేస్తే, ఏ గల్లీ అని అడిగి, చూసి చెప్తామన్నారు. మూడో అతను మాత్రం నిజాయితీగా, తనకూ పిల్లలున్నారమ్మా అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు కాక. మోకాళ్ళు అరిగి హైదరాబాద్ ప్రయాణాలు తగ్గాక ఆయన ఇళ్ళూ ప్లాట్లూ చూపించే పని మొదలుపెట్టాడు. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎక్కడున్నారో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ పనికి అంతకంటే పనికిరాని మనిషి కూడా ఇంకొకడుండడు. శుభమా అని ఇల్లు కొనుక్కునేవాళ్ళు ఈయన ముఖం చూసి గడపలో అడుగుపెడతారా? ఒక ఆదివారం మెట్‌పల్లి రోడ్డులో ఉన్న ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో స్టూలు మీద కూర్చుని చొక్కాకు తనే గుండీ కుట్టుకుంటున్నాడు. సంగతంతా విన్నాడు.

"నేను తీస్కస్తె ఎవలు కొంటరు బిడ్డా? నా మొఖం చూసి పాల పాకీటు గూడ కొనరు" అన్నాడు.

అది హాస్యమని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఇంకెవరూ రావడం లేదు కాకా అన్నాను. గుండీ పూర్తిగా కుట్టి, దారం పంటితో కొరికి, ఒక షరతు పెట్టాడు. కొనేవాళ్ళు అడిగినా అడగకపోయినా ఆ గల్లీలో ఎన్ని దించాడో చెప్పే చూపిస్తానన్నాడు. అవి ఆయన చేతుల మీదుగా దిగినవి, వాటి గురించి అబద్ధం ఆడితే ఆ పోయినవాళ్ళకు తను ముఖం చూపించలేనన్నాడు. పోయినవాళ్ళకు ముఖం చూపించడమేమిటని నాకు చిరాకొచ్చింది. అయినా సరేనన్నాను. నా మనసులో మాత్రం, ముందు మనుషుల్ని రానీ, తరువాత చూద్దాం అనే ఉంది.

అన్నట్టే చేశాడు. మొదట ఒక పసుపు వ్యాపారి దగ్గర గుమాస్తా వచ్చాడు. అతనికి ఇల్లు నచ్చింది. అమ్మ టీ పెట్టింది. ఈయన గేటు దగ్గరే నిలబడి, నాలుగు దించామని, మూడోది ఈ అరుగు మీదే దించామని చెయ్యి పెట్టి చూపించి మరీ చెప్పాడు. గుమాస్తా టీ సగం తాగి గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. నేను కాకను ఎంతమాట పడితే అంతమాట అన్నాను. ఆయన నా చెప్పుల వంక చూస్తూ విని, నల్లా దగ్గర చేతులు కడుక్కుని పోయాడు.

రెండోసారి కొడిమ్యాల నుంచి ఒక రిటైరైన లైన్‌మాన్‌ను పట్టాడు. జీవితమంతా కరెంటు స్తంభాలెక్కినవాణ్ణి, నాకు ఏ పట్టింపూ లేదన్నాడట ఆయన. అంతా విన్నాక కూడా వస్తానన్నాడు. ఆ రోజు బడికి సెలవు పెట్టి నేనూ వచ్చాను. అమ్మ వాకిలంతా కడిగింది. పదకొండింటికి లైన్‌మాన్‌ను వెనకాల ఎక్కించుకుని కాక బయలుదేరాడు. సరిగ్గా గల్లీ మొదటికి వచ్చేసరికి బండిలో పెట్రోలు అయిపోయింది. ఇద్దరూ దిగారు. రిజిస్ట్రేషన్ ఖర్చుల గురించి మాట్లాడుకుంటూ, ధ్యాస లేక, ఆయన బండిని నెట్టుకుంటూ గల్లీలోకి నడిచాడు.

నేను మా గేటు దగ్గర నిలబడి చూశాను. మొదటి అరుగు మీద చేట పడింది. రెండో అరుగు మీద ఇద్దరు లేచి నిలబడ్డారు. మాటలు ఆగిపోయాయి. ఆయనకేమీ తెలియడం లేదు, చెయ్యి తిప్పుతూ లైన్‌మాన్‌కు ఏదో వివరిస్తున్నాడు. ఎదురింటి పెద్దమ్మ కొడుకు దోహాలో ఉన్నాడు. బండి ఆమె గేటు ముందుకు వచ్చేసరికి ఆమె మట్టిలో కూలబడి కొడుకును పేరు పెట్టి పిలుస్తూ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి పక్కింటామె. గల్లీ అంతా ఒకటే ఏడుపు. కాక అప్పుడు తల ఎత్తి చూశాడు. నేను ఆ మనిషిని అంత బెదిరిపోగా ఎన్నడూ చూడలేదు. బండిని వదిలేశాడు, అది పక్కకు పడిపోయింది. "పెట్రోలమ్మా, పెట్రోలే అయిపోయింది, ఏం గాలే, ఎవలికేం గాలే" అని ఇంటింటికీ తిరుగుతూ చెప్తున్నాడు. ఎవరూ వినడం లేదు. ఏం కాలేదని ఆ ముఖంతో చెప్తే ఎవరు నమ్ముతారు?

దోహాకు ఫోన్ కలిసి, కొడుకు పనిలోంచి విసుక్కుంటూ మాట్లాడాక పెద్దమ్మ లేచింది. లేచి కాకను పట్టుకుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. లైన్‌మాన్ నా దగ్గరికి వచ్చాడు. తనకు భయం లేదని, కానీ ఇట్లాంటి ఏడుపు వింటూ రోజూ అన్నం తినలేనని చెప్పి, మెయిన్ రోడ్డు వైపు నడిచి పోయాడు. మర్నాడు కాక బండి హ్యాండిల్‌కు ఒక సైకిల్ గంట బిగించుకున్నాడు, పెట్రోలు అయిపోయినా మోగేటట్టు. చూస్తే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తమ్ముడి టికెట్ వచ్చింది. పన్నెండు రోజులుంది. వాడు సూట్‌కేసు కొన్నాడు. అమ్మ దాన్ని చూసి, ఇది పెద్దగుందా చిన్నగుందా అని అడిగింది. మామూలు మాటే, కానీ నేను దాన్ని మంచం కిందికి నెట్టేశాను.

అప్పుడు కాక దగ్గర్నుంచి ఫోన్. ఫోన్ అంటే గిట్టని మనిషి ఫోన్ చేశాడంటే ఏదో ఉందనుకున్నాను. గంభీరావుపేట దిక్కు నుంచి ఒక ఆడమనిషి, భర్త మస్కట్‌లో ఉంటాడు, ఇద్దరు ఆడపిల్లల చదువు కోసం కోరుట్లలో ఇల్లు చూస్తోందట. ఆమెకు ఈ ఊరి సంగతులేవీ తెలియవు. ఎల్లుండి తీసుకొస్తున్నానన్నాడు. నేను ఆ సాయంత్రమే బస్సెక్కాను. ఆయన బస్టాండ్ ఎదుట హోటల్లో కలిశాడు. టీ చల్లారిపోతోంది, ఆయన తాగడం లేదు. నేను ఎన్ని రకాలుగా అడగాలో అన్ని రకాలుగా అడిగాను. చివరికి, "కాకా, మా బాపును తెచ్చినవు. మా తమ్మున్ని గూడ తెస్తవా?" అన్నాను. అంత మాట ఎట్లా అన్నానో నాకు తెలియదు. అన్నాను.

ఆయన చల్లారిన టీ గ్లాసును పక్కకు జరిపాడు.

"నేను నోరు తెరిస్తె జనం ఏడుస్తరు బిడ్డా. మూసుకుంటె ఏమైతదో నాకు తెల్వది" అన్నాడు. అదే ఒప్పుకోవడమని నేను అనుకున్నాను. నిజంగానే ఒప్పుకోవడమే.

ఆమె వచ్చే రోజు పొద్దున అమ్మ ఇంటింటికీ పోయి బతిమాలింది. రెండు గంటలు ఎవరూ అరుగు మీద కూర్చోవద్దని, పిల్లవాడి ప్రాణం మీది సంగతని. కాకను తిట్టిన పెద్దమ్మతో సహా అందరూ ఒప్పుకున్నారు. నేను గోడ మీది బొగ్గురాతపై సున్నం కొట్టాను. మధ్యాహ్నం మా గల్లీ నేను ఎన్నడూ చూడనట్టు కనబడింది. పట్టపగలు అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. అరుగులు ఖాళీ. ఒక్క బీడీ ఆకు కూడా కింద లేదు. ప్రతి తలుపు వెనకాలా మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారని నాకు తెలుసు. ఆ నిశ్శబ్దంలో కాక హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. మొదటి ఇంటి నుంచి మా ఇంటి దాకా, అవసరానికి మించి కొట్టాడు.

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. చిన్న కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. ఇల్లంతా తిరిగింది. అలమారలు తెరిచి చూసింది. వంటింట్లో కిటికీ లేదంది, పెట్టించుకోవచ్చులే అని తనే అంది. గల్లీ ఎంత నిమ్మళంగా ఉందో, ఊళ్ళో తమ వాడకట్టులో ఒకటే లొల్లి అని సంతోషపడింది. నేను తలూపాను. అరుగు మీదికి వచ్చాక ఆమె కాక వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు పెద్దమనిషివి. తోడబుట్టినోన్ని అడిగినట్టు అడుగుతున్న. గీ గల్లి మంచిదేనా?"

ఆయన తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. అన్నేళ్ళలో నా కళ్ళలోకి చూడటం అదే మొదటిసారి. నేను కళ్ళు దించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా అంత కఠినురాలు లేదనిపిస్తుంది. ఆయన మళ్ళీ కింద నేల వంక చూశాడు.

"నీళ్ళు మంచిగస్తయమ్మా. ఎండకాలం గూడ తక్కువ గావు" అన్నాడు.

ఆమె తృప్తిగా పాపను ఇంకో చంకకు మార్చుకుంది. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. అది సంతోషం. ఇంకో పేరు పెట్టి దాచుకోను. నా జీవితంలో అంత సంతోషం రెండుసార్లో మూడుసార్లో కలిగి ఉంటుంది.

మూడో రోజు బయానా కాగితం రాసుకున్నారు. తమ్ముడు ఏజెంటుకు రానని చెప్పాడు, వాడితో తిట్లు తిన్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక కారు కొన్నాడు, అమ్మను తీసుకుని మెట్‌పల్లిలో అద్దెకు దిగాడు. ఇప్పుడు వాడి కిరాయిలన్నీ శంషాబాద్‌కే. దేశం పోయేవాళ్ళను ఇంటి దగ్గర ఎక్కించుకుని, ఏడ్చేవాళ్ళను ఏడవనిచ్చి, విమానాశ్రయంలో దింపి వస్తాడు. అమ్మ మళ్ళీ రెండు పూటలా తింటోంది.

కాకకు ఇవ్వాల్సిన కమీషన్ కవరులో పెట్టుకుని నేను ఆయన ఇంటికి వెళ్ళాను. తీసుకోలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు.

"నీ తమ్మున్ని నేను తేవద్దని గట్ల చేసిన బిడ్డా. రేపు ఆమె మొగన్ని తేవాల్సస్తె నేనేం చెయ్యాలె?"

అట్లా ఏం కాదు కాకా, ఊరికే పిచ్చి మాటలు అన్నాను. కాదని ఎట్లా చెప్తావని ఆయన అడగలేదు. ఆ తరువాత ఆయన ఇళ్ళు చూపించే పని మానేశాడని విన్నాను. ఆయనకు కనబడకుండా తిరగడం నాకు అలవాటైంది. కోరుట్ల మీదుగా పోయినప్పుడు కూడా బస్సు కిటికీలోంచి అటు చూసేదాన్ని కాను.

చివరి రోజుల్లో కొడిమ్యాలలో కూతురి దగ్గర ఉన్నాడట. మంచం మీద, మామూలు జ్వరంతో పోయాడు. దినాలకు వెళ్ళాను. వందలకొద్దీ మనుషుల్ని ఇంటికి చేర్చినవాడి దినాలకు పట్టుమని ముప్పై మంది రాలేదు. వచ్చినవాళ్ళు కూడా ఎవరికీ కనబడకుండా తిని పోవాలని చూస్తున్నారు. కూతురు నన్ను పట్టుకుని, "మా బాపు మీ ఇంటిని రోజు యాది జేసేటోడక్కా" అంది. అది విన్నాక నేను నేరుగా సిరిసిల్ల పోలేకపోయాను. కోరుట్ల బస్సెక్కాను.

గల్లీలో ఏమీ మారలేదు. మా అరుగు మీద ఆమె కూర్చుని ఉంది. చిన్న పాప పెద్దదైంది, బడి యూనిఫాంలో పక్కన రాసుకుంటోంది. నన్ను గుర్తుపట్టి ఆమె లేచి కుర్చీ వేసింది. కూర్చోలేదు నేను. దారి పొడుగునా కూడగట్టుకున్నదంతా నిలబడే చెప్పేశాను. గల్లీ పేరు, నాలుగు పెట్టెలు, ఈ అరుగు, మా నాన్న. కాక నోరు మూయించింది నేనేనని కూడా చెప్పాను.

ఆమె పాపను నీళ్ళు తెమ్మని లోపలికి పంపింది.

"తెలుసక్కా" అంది. "ఇంట్ల చేరిన ఎనిమిదో నాడే అచ్చి చెప్పిండు. నీ పేరు చెప్పలే, తప్పు నాదే అన్నడు. అమ్ముతనంటె మల్ల ఎవలినన్న చూస్త అన్నడు. ఎట్ల అమ్మాలె? నువ్వు నాకు చేసిందే నేను ఇంకొకామెకు చెయ్యాలె గదా. నాతోని గాలే."

భర్తకు చెప్పావా అని అడిగాను. చెప్పలేదట. చెప్తే అక్కడ ఒక్కడూ ఉండి రోజూ అదే ఆలోచిస్తాడని చెప్పలేదట. మొన్న సెలవుకు వచ్చి, వంటింటికి కిటికీ పెట్టించి, ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టి పోయాడట. కాక మాత్రం ప్రతి శుక్రవారం వచ్చేవాడట. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి భర్త ఫోన్ చేసేది ఆ రోజే. గడప బయట నిలబడి, ఫోన్ వచ్చిందా అమ్మా అని అడిగేవాడట. వచ్చిందంటే నీళ్ళు తాగి పోయేవాడు. ఇంకా రాలేదంటే వచ్చేదాకా గేటు బయట బండి మీద కూర్చునేవాడు. మంచాన పడేదాకా ఒక్క శుక్రవారం తప్పలేదట.

నేను కుర్చీలో కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. నాకు ఆ రెండింటిలో ఏది కావాలో అడిగే హక్కు లేదు. పాప తెచ్చిన నీళ్ళు తాగాను. కొంచెం సేపయ్యాక ఆమె నా వైపు కాకుండా గల్లీ వైపు చూస్తూ అడిగింది.

"ఆయన పోయె గదక్కా. గిప్పుడు ఏదన్న అయితె ఎవలు పోతరు తెస్తందుకు? నాకు మొగదిక్కు లేదు. ఇద్దరు ఆడపిల్లలు. ఆ గేట్లు, ఆ కాయితాలు నాకేం తెలుస్తది?"

అట్లా ఏం కాదని చెప్పబోయాను. కాకతో ఒకసారి ఆ మాట అన్నాను కాబట్టి రెండోసారి నోరు రాలేదు. సంచిలోంచి పెన్ను తీసి పాప నోటుబుక్కు వెనక పేజీలో మా తమ్ముడి నంబరు రాశాను. కారుంది, దారి తెలుసు, ఏ వేళప్పుడైనా వస్తాడని చెప్పాను. వాణ్ణి అడగకుండానే చెప్పాను.

ఆమె ఆ నంబరును ఒక్కో అంకె పైకి చదువుకుంటూ ఫోన్లో ఎక్కించుకుంది. సరిగ్గా ఉందో లేదోనని నా ముందే రింగ్ ఇచ్చి స్పీకర్ పెట్టింది. రెండు రింగులకు తమ్ముడు ఎత్తాడు. వెనకాల కారు చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు. ఎవరినో దింపడానికి పోతున్నట్టున్నాడు. "హలో, ఎవలు?" అన్నాడు. "ఎవలు మాట్లాడేది?" అని మళ్ళీ అడిగాడు.

ఆమె ఫోన్ పెట్టేసి, కలుస్తోందక్కా అంది.